దోమల మొక్క అని అమ్మే ముందు ఒక్క మాట



వానలు మొదలైతే చాలు, నర్సరీల దగ్గర ఒకటే అడుగుడు: "దోమల మొక్క ఉందా?" తులసి, బంతి, పుదీనా, నిమ్మగడ్డి, సిట్రొనెల్లా అన్నీ ఈ పేరు మీదే అమ్ముడుపోతున్నాయి. నాలుగు కుండీలు గుమ్మం దగ్గర పెడితే దోమ గడప దాటదని వీడియోల్లో చెప్పేస్తున్నారు. అలా చెప్పేవాళ్ళలో ప్రకృతి వ్యవసాయం చేసే మనవాళ్ళూ ఉన్నారు.

నేనూ నిమ్మగడ్డి, సిట్రొనెల్లా పిలకలు అమ్ముతాను. అందుకే ఈ మాట నాలాంటివాళ్ళే చెప్పాలి. కుండీలో ఊరికే నిలబడ్డ మొక్క ఇంట్లోకి వచ్చే దోమల్ని ఆపదు. ఆపుతుందని చెప్పి మనం అమ్మకూడదు.

ఎందుకో చూడండి. నిమ్మగడ్డి దుబ్బు పక్కన నిలబడితే వాసన పెద్దగా రాదు. ఆకు తుంచి నలిపితే గుప్పుమంటుంది. పై వీడియోలో చూపించింది అదే. నూనె ఆకు లోపల దాగి ఉంటుంది. ఆకు నలగాలి, తెగాలి, లేదా ఆవిరి పట్టాలి, అప్పుడే బయటికి వస్తుంది. వంద కిలోల పచ్చి సిట్రొనెల్లా గడ్డిని డిస్టిలేషన్ చేస్తే వచ్చే నూనె కిలో అటూ ఇటూ. అంత గడ్డిలో అంతే నూనె ఉంటే, ఒక్క కుండీలోంచి గాలిలోకి వచ్చేది ఎంతో మీరే లెక్కేసుకోండి.

పోనీ, తీసిన నూనె సంగతి? అది పనిచేస్తుంది, కానీ త్వరగా ఆవిరైపోతుంది. 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరీక్షలో సిట్రొనెల్లా రకాలు సగటున 20 నిమిషాలు కూడా కాపాడలేదు. అదే పరీక్షలో 24 శాతం దాకా డీట్ ఉన్న మందు 5 గంటలు ఆపింది. రసాయనం వాడమని నేను చెప్పట్లేదు, తేడా ఎంతుందో తెలియాలని చెప్తున్నా. ఇక మొక్క విషయానికొస్తే, విదేశాల్లో 'సిట్రోసా' పేరుతో ఒక జెరేనియం రకాన్ని దోమల మొక్కగా తెగ అమ్మారు. కెనడాలో దాన్ని పరీక్షించి 1996లో ఫలితాలు అచ్చేశారు. దోమలు తగ్గలేదు సరికదా, ఆ మొక్క ఆకుల మీదే వాలాయి.

బంతి సంగతి మనకు ఇంకా బాగా తెలుసు. టమాట చేలో బంతి ఎందుకు వేస్తాం? కాయతొలుచు పురుగు తల్లి రెక్కల పురుగు వచ్చి బంతి మీద గుడ్లు పెట్టాలని. అంటే అది ఎర పంట, పురుగును పిలిచే మొక్క. వేర్ల దగ్గర నులిపురుగుల మీద కూడా బంతి పనిచేస్తుంది. ఒక పురుగు విషయంలో నిజమైనది అన్ని పురుగులకూ నిజం అనుకోవడం దగ్గరే తప్పు జరుగుతోంది. మనిషి ఒంటి వేడి, చెమట వాసన, వదిలే ఊపిరి, వీటిని పట్టుకుని వచ్చేది దోమ. గుమ్మం పక్కన పువ్వు ఉందని వెనక్కి పోదు.

"పోనీలెండి, మొక్కేగా, నష్టమేముంది?" అంటారు కొందరు. నష్టం ఉంది. దోమ మలేరియా మోస్తుందన్న సంగతి మన గడ్డ మీదే బయటపడింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఇప్పుడు మనల్ని ఎక్కువ భయపెడుతున్నది డెంగీ. దాన్ని మోసే ఏడిస్ దోమ పగలే కుడుతుంది, ఇంటి చుట్టూ నిలవ ఉన్న మంచినీళ్ళలోనే పుడుతుంది. కుండీ కింద పెట్టే ప్లేటులో నిలిచిన నీళ్ళు కూడా దానికి చాలు. అంటే దోమలు పోతాయని కొన్న మొక్కే దోమల్ని పెంచుతుంది. పైగా మొక్క పెట్టేశాం కదా అన్న ధీమాతో ఆ ఇంటివాళ్ళు తొట్టి కడగడం మానేస్తే? ఆ ఇంట్లో పిల్లాడికి జ్వరం వస్తే ఆ మాట చెప్పిన మనకు బాధ్యత లేదా?

ఇంకో విషయం. దోమలు పుట్టే చోట్లు మన పొలాల్లోనూ తక్కువేం లేవు. జీవామృతం డ్రమ్ము మీద గోనె సంచి కప్పి, రోజూ కలుపుతాం కాబట్టి వాడుతున్నన్ని రోజులు ఇబ్బంది తక్కువ. వాడేశాక ఆ 200 లీటర్ల డ్రమ్ము నోరు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది, వాన నీళ్ళు నిండుతాయి. పశువుల తొట్టి, కుడితి గోలెం, షెడ్డు వెనక పాత టైర్లు, తాగి పారేసిన కొబ్బరి బొండాలు, అన్నీ అంతే. పేడ నీళ్ళు, మురుగు నిలిచిన గుంటల్లో పుట్టే క్యూలెక్స్ దోమ బోదకాలు మోస్తుంది.

మరి ఏం చేయాలి? గుడ్డు నుంచి దోమ అవడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. కాబట్టి వారానికోసారి నీళ్ళు పారబోస్తే ఆ గొలుసు తెగిపోతుంది. శుక్రవారం డ్రై డే పెట్టింది అందుకే. పారబోస్తే సరిపోదు, గోడలు రుద్ది కడగాలి. ఏడిస్ గుడ్లు నీటి అంచున గోడకు అతుక్కుని, ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. మళ్ళీ నీళ్ళు తగిలితే పొదుగుతాయి. ఖాళీ డ్రమ్ములు బోర్లించండి.

పారబోయలేని సిమెంటు ట్యాంకులుంటే బీటీఐ ఉంది. గొంగళి పురుగులకు మనం కొట్టే బీటీకి ఇది చుట్టం, దోమ లార్వాల్ని చంపే బ్యాక్టీరియా. ఇది కూడా జీవ పద్ధతే. గంబూసియా చేపలు వేస్తే ట్యాంకుల్లోనే వేయండి, వాగులు చెరువుల్లోకి వదలొద్దు. అక్కడి నాటు చేపల గుడ్లు, పిల్లల్ని అవి తినేస్తాయి.

మొక్కలు వద్దంటున్నానా? అస్సలు కాదు. నిమ్మగడ్డి గట్ల మీద మట్టిని పట్టి ఉంచుతుంది, టీ పెట్టుకోవచ్చు, ఎక్కువుంటే నూనె తీసి అమ్ముకోవచ్చు. సాయంత్రం బయట కూర్చునే ముందు నూనెను కొబ్బరినూనెలో కలిపి రాసుకోవచ్చు, కానీ కాసేపే పనిచేస్తుంది. నేరుగా ఒంటికి రాయొద్దు, పసిపిల్లలకు అసలే వద్దు. కొట్టంలో వేపాకు, వావిలాకు పొగ వేస్తే పొగ ఉన్నంతసేపు దోమలు తగ్గుతాయి. ఆ పొగ ఆరుబయటే బాగు, ఆయాసం ఉన్నవాళ్ళు పడుకునే గదిలో వేయకూడదు. రాత్రికి దోమతెరను మించింది లేదు.

రసాయన మందుల కంపెనీలు డబ్బా మీద ఒకటి రాసి పొలంలో ఇంకొకటి చేస్తాయని మనం ఎన్నిసార్లు తిట్టుకోలేదు? మన మొక్క మీద మనమే అబద్ధపు లేబుల్ అంటిస్తే వాళ్ళకూ మనకూ తేడా ఏముంటుంది? ప్రకృతి వ్యవసాయానికి ఉన్న ఆస్తి జనం నమ్మకం ఒక్కటే. ఈ రోజు దోమల మొక్క గురించి చెప్పింది తప్పని తేలితే, రేపు మన బియ్యం, కూరగాయల గురించి చెప్పేది ఎందుకు నమ్ముతారు?

కాబట్టి ఎవరైనా వచ్చి "అన్నా, ఇది పెడితే దోమలు రావా?" అని అడిగితే ఇలా చెప్పండి: "వస్తాయి తమ్ముడూ. దీన్ని టీకి, వాసనకి పెంచుకో. దోమలు పోవాలంటే శుక్రవారం శుక్రవారం తొట్టి కడుగు, కుండీ కింద ప్లేటు తీసెయ్." ఒక మొక్క తక్కువ అమ్ముడుపోవచ్చు. ఆ మనిషి మాత్రం మళ్ళీ మన దగ్గరికే వస్తాడు.