ప్రతి చలిజ్వరమూ మలేరియా కాదు

అరకు, పాడేరు కొండల్లో ఎవరికైనా వణుకుతో జ్వరం వస్తే ఆశా కార్యకర్త ముందుగా వేలు గుచ్చి, రక్తపు చుక్కను మలేరియా కిట్ మీద వేస్తుంది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన అలవాటు అది. దాన్ని మానుకోమని ఎవరూ అనరు. అయితే ఆ కిట్ ఒక్కటే సరిపోని రోగులు కూడా ఇప్పుడు కొండ పల్లెల్లో ఉంటున్నారు. వాళ్ల ఒంట్లో ఒక గొట్టం ఉంటుంది. క్యాన్సర్ మందులు ఎక్కించడానికి మోచేతి పైభాగంలో వేసిన పిక్ లైన్ కావచ్చు, డయాలసిస్ కోసం మెడ దగ్గర వేసిన లైన్ కావచ్చు. వీళ్లకు వణుకు పుట్టిందంటే గొట్టంలో చేరిన క్రిమి నేరుగా రక్తంలో కలుస్తోందేమోనని మొదట అనుమానించాలి. కిట్ నెగెటివ్ వచ్చిందని జ్వరం బిళ్ల ఇచ్చి పడుకోబెడితే తెల్లారేసరికి బీపీ పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. పాజిటివ్ వచ్చినా అంతే, గొట్టం సంగతి తేలేదాకా నిశ్చింతగా ఉండకూడదు.

ఇంత ప్రమాదమున్న గొట్టం అసలెందుకంటారా? కొన్ని కీమో మందులు చేతి చిన్న నరాలను కాల్చేస్తాయి. బయటికి కారితే కండ పుండు పడుతుంది. అందుకే గుండె కుడిగదిలో కలిసే పెద్ద సిర దాకా, రక్తం జోరుగా పారే చోటికి మందును చేర్చాలి. డాక్టర్ అల్ట్రాసౌండ్‌లో నరాన్ని చూస్తూ సూది గుచ్చుతారు. సూదిలోంచి సన్నని తీగ పంపి, సూది తీసేసి, తీగ మీదుగా గొట్టం ఎక్కిస్తారు. తీగ మీదుగా గొట్టం పంపే ఈ పద్ధతిని స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ 1953లో ప్రకటించారు. గొట్టం కొస సరైన చోట ఉందో లేదో మామూలుగా ఎక్స్‌రే తీసి చూస్తారు. వేయడం కాసేపట్లో అయిపోతుంది, కాపాడుకోవడం మాత్రం నెలల తరబడి చేయాల్సిన పని.

అలాంటి శ్రద్ధలో ఎంత బలముందో అమెరికాలోని మిచిగన్ చూపించింది. 2006లో వెలువడిన అధ్యయనంలో 103 ఐసీయూలు ఐదు నియమాలు పట్టుకున్నాయి: చేతులు కడుక్కోవడం, గౌను-మాస్కు-పెద్ద గుడ్డలతో పూర్తి రక్షణ, క్లోరెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం, వీలైనంతవరకు గజ్జల దగ్గర వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. డాక్టర్ ఒక్క మెట్టు దాటేసినా ఆపమనే అధికారం నర్సుకిచ్చారు. వెయ్యి లైన్ రోజులకు 2.7గా ఉన్న ఇన్ఫెక్షన్ల మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకి దిగింది. అందుకు కొత్త యంత్రాలేవీ కొనలేదు. ఆసుపత్రి గోడల మధ్య సాధ్యమైన ఈ శ్రద్ధ ఘాట్ రోడ్డెక్కి కొండకు చేరడం లేదన్నదే నా బాధ.

పిక్ లైన్ ఉన్న రోగికి వారానికోసారి ఏం చేయాలో చూడండి. నర్సు చేతులు కడుక్కుని మాస్కు కట్టుకుంటుంది. పాత అంటుపట్టీని గొట్టం దూరిన చోటు వైపుగా ఒలుస్తుంది, ఎదురు లాగితే గొట్టమే బయటికొస్తుంది. చర్మం ఎర్రబడిందా, చీముందా, బయటి గొట్టం పొడవు పెరిగిందా అని చూస్తుంది. క్లోరెక్సిడిన్‌తో అరనిమిషం రుద్ది, దానంతటదే ఆరేదాకా ఆగుతుంది, నోటితో ఊదదు. కొత్త పట్టీ వేసి తేదీ రాస్తుంది. మూతి కొనను స్పిరిట్‌తో పదిహేను సెకన్లు రుద్ది, పది మిల్లీలీటర్ల సిరంజితో సెలైన్‌ను ఆగి ఆగి నెడుతుంది. చిన్న సిరంజి వాడితే ఒత్తిడి పెరిగి గొట్టం పగలొచ్చు. ఇంతే పని. దీనికోసం అరకు నుంచి విశాఖకు సుమారు 115 కిలోమీటర్లు ప్రతివారం దిగమంటే కూలి పోతుంది, బస్సు ఖర్చు మీద పడుతుంది, చివరికి వైద్యమే ఆగిపోతుంది.

ఇంట్లోవాళ్లకీ కొన్ని తెలియాలి. లైన్ ఉన్నవాళ్లు గెడ్డలో మునగకూడదు. పట్టీ తడిస్తే వెంటనే మార్పించాలి. మూత ఊడితే గొట్టంలోంచి గాలి గుండెకు చేరే ప్రమాదముంది. వెంటనే క్లాంపు నొక్కి, మనిషిని ఎడమవైపుకు తిప్పి తల కిందికుండేలా పడుకోబెట్టాలి. గొట్టం జారిపోతే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని 108కి ఫోన్ చేయాలి. ఊళ్లో వైద్యం చేసేవాళ్లెవరైనా డయాలసిస్ లైన్‌లోంచి సూది మందు ఎక్కిస్తామంటే ఒప్పుకోకూడదు.

కిడ్నీ రోగుల విషయంలో ఇంకో మాట. మెడ దగ్గరి గొట్టం కన్నా చేతిలో ధమనినీ సిరనూ కలిపి కట్టే ఫిస్టులాతో ఇన్ఫెక్షన్లు చాలా తక్కువ. అది పనికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కాబట్టి రక్తంలో క్రియాటినిన్ పెరుగుతున్నప్పుడే రోగిని ఫిస్టులా కోసం పంపించాలి, ఆయాసంతో డోలీలో దించేదాకా ఆగకూడదు.

కోట్ల రూపాయల ఖర్చు అడగడం లేదు. ప్రతి పీహెచ్‌సీలో ఇద్దరు నర్సులకు ఈ పని నేర్పాలి. పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, శిక్షణ అక్కడే ఇవ్వొచ్చు. శుభ్రమైన పట్టీలు, సిరంజిలు మందుల జాబితాలో చేర్చాలి. జాగ్రత్తలు తెలుగులోనే కాక కువి భాషలోనూ ఆదివాసీ ఒడియాలోనూ నోటిమాటగా, బొమ్మలతో చెప్పాలి. ఆశా కార్యకర్త జ్వరం చూసిన ప్రతిసారీ ఒంట్లో గొట్టం ఉందా అని అడగాలి. ఉందంటే రక్తం కల్చర్ చేసే ఆసుపత్రికి గంటల్లో పంపాలి. లైన్ వేసిన ఆసుపత్రి మాత్రం రోగిని పంపే ముందే పీహెచ్‌సీకి ఫోన్ చేయాలి. ఆ లైన్‌ను కొండ మీద ఎవరు చూస్తారో చీటీలో పేరు రాయాలి. ఆ పేరు లేనిదే డిశ్చార్జి పూర్తయినట్టు లెక్కవేయకూడదు.