సన్మానం వినని సగం

కొన్నేళ్ళ క్రితం జూలై 26న, కార్గిల్ విజయ దినం సందర్భంగా, ఒక కళాశాలలో మాజీ సైనికులకు సన్మానం జరిగింది. వేదిక మీద కూర్చున్న ఐదుగురిలో మా నాయన ఒకడు. 1963లో మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో చేరి, పదిహేడేళ్ళు పనిచేసి, నాయక్ హోదాలో ఇంటికి వచ్చినవాడు. 1971 డిసెంబరులో శకర్‌గఢ్ రంగంలో, బసంతర్ నది దగ్గర, మన ట్యాంకులకు దారి చేయడం కోసం శత్రువు పాతిన మందుపాతరలను తొలగించిన జట్టులో ఉన్నాడు. ఆ రాత్రి చలిలో వేళ్ళు కొంకర్లు పోయిన సంగతి, పక్కనున్న తమిళ జవాను మాట మధ్యలోనే నేలకొరిగిన సంగతి ఆయన చెబుతుంటే విద్యార్థులు ఊపిరి బిగబట్టి విన్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

చప్పట్లు ఆగాక ఆయన, ‘తిరిగొచ్చినాక మా ఊళ్ళో...’ అని మొదలుపెట్టాడు. వ్యాఖ్యాత వినయంగా మైకు అందుకున్నాడు. సమయం మించిపోతున్నదనీ, ఇంకా ముగ్గురు వీరులు మాట్లాడవలసి ఉన్నదనీ చెప్పి శాలువా కప్పించాడు. అందులో దురుద్దేశం ఉందని నేననుకోను. ఆ సభకు కావలసింది బసంతర్ రాత్రి. ఆ తర్వాతి పగళ్ళు కార్యక్రమ పత్రంలో లేవు.

ఆ ఆగిపోయిన వాక్యాన్ని నేను పూర్తిచేయగలను. 1980లో ఊరికి వచ్చిన మా నాయనను ఊరంతా ‘మిలట్రీ’ అని పిలిచేది. ఆ పిలుపులో కొంత గౌరవం ఉండేది. టీ కొట్టులో ఆయన గాజు గ్లాసు మాత్రం చూరులో విడిగానే ఉండేది. మాజీ సైనికుడిగా ఆయనకు రెండున్నర ఎకరాలకు డి పట్టా ఇచ్చారు. పట్టా చేతికి వచ్చింది, పొలం రాలేదు. ఆ భూమిని అప్పటికే సాగుచేసుకుంటున్న పెద్దమనిషిని కదిలించే ధైర్యం ఏ అధికారికీ లేకపోయింది. పదకొండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. 1984లో మా నాయనమ్మ చనిపోయింది. మాలపల్లె నుంచి శ్మశానానికి ఊరి నడివీధి గుండా దగ్గరి దారి ఉంది. మా శవాలు మాత్రం చెరువు కట్ట చుట్టూ తిరిగి పోవాలి. ఆ రోజు మా నాయన ట్రంకుపెట్టెలోంచి పతకాలు తీసి, చొక్కాకు తగిలించుకొని, పాడె ముందు నడిచాడు. పతకాలు చూస్తే దారి ఇస్తారని ఆయన నమ్మకం. నడివీధి మొదట్లోనే ఆపారు. ‘ఆ బిళ్ళలు మిలట్రీలో చూపించుకోరా’ అన్నాడు ఆయనకంటే పదేళ్ళు చిన్నవాడొకడు. పాడె చెరువు కట్ట మీదుగానే పోయింది. మందుపాతరల మధ్య ట్యాంకులకు దారి చేసిన మనిషి, కన్నతల్లి శవానికి ఊళ్ళో దారి తెచ్చుకోలేకపోయాడు.

ఈ కథ ఒక్క మా ఇంటిది అయితే పత్రికకు ఎక్కించవలసిన పని లేదు. ఈ దేశంలో అంటరాని కులాల సైనికుడికి కృతజ్ఞత చెప్పిన ప్రతిసారీ, ఆ కృతజ్ఞత శిలల మీదా శాలువాల మీదా నిలిచిందే తప్ప అతని హక్కుగా మారలేదు. దీనికి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

1818 జనవరి 1న భీమా నది ఒడ్డున కోరేగావ్ దగ్గర పీష్వా సైన్యాన్ని ఈస్టిండియా కంపెనీ దళం ఎదుర్కొంది. అక్కడ నిలబెట్టిన విజయస్తంభం మీద చెక్కిన మృతుల పేర్లు 49. అందులో 22 పేర్లు ‘నాక్’ అనే ప్రత్యయంతో ముగుస్తాయి, అవి మహర్లవి. రాతి మీద పేరు చెక్కడం కంటే పెద్ద కృతజ్ఞత ఏముంటుంది? అయినా 1890ల ఆరంభంలో అదే తెల్ల ప్రభుత్వం మహర్లకు సైన్యం తలుపులు మూసేసింది. ‘యుద్ధజాతులు’ అనే సిద్ధాంతం అప్పటికి అధికార విధానమైంది. కొన్ని కులాలకు పౌరుషం పుట్టుకతోనే ఉంటుందనీ, కొన్నిటికి ఉండదనీ దాని సారాంశం. వర్ణవ్యవస్థ చెప్పినదానికి ఇంగ్లీషు దొరలు సైనిక ముద్ర వేశారు. స్తంభం నిలబడే ఉంది. అందులో పేరున్నవారి మనుమలకు బారకాసులో చోటు పోయింది.

మాజీ సైనికుడైన గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో ఈ నిషేధానికి వ్యతిరేకంగా విన్నపం రాశాడు. 1910లో శివరామ్ జాన్బా కాంబ్లే మళ్ళీ బ్రిటిష్ ప్రభుత్వానికి అర్జీ పెట్టాడు. వినిపించుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో 111వ మహర్ దళాన్ని తీశారు. అవసరం తీరాక 1921లో రద్దుచేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక, అంబేడ్కర్ ఒత్తిడి కూడా తోడై, 1941లో బెల్గాంలో మహర్ రెజిమెంటు పుట్టింది. 1943లో ఏర్పడిన చమార్ రెజిమెంటు కోహిమాలో జపాను సేనలతో పోరాడింది. 1946లో దాన్నీ రద్దుచేశారు. యుద్ధం వచ్చినప్పుడు కులానికి పౌరుషం వస్తుంది, యుద్ధం ముగిశాక పోతుంది! ఇంత విచిత్రమైన జీవశాస్త్రం మరెక్కడా లేదు.

తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తర భారతంలో కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవారంటే, ఆ కొలువులో తెలుగు దేశపు మనుషుల ముద్ర ఎంతటిదో తెలుస్తుంది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సేనకు అధిపతిగా ఉన్న రాబర్ట్స్ తర్వాత భారత సర్వసేనాధిపతి అయ్యాడు. దక్షిణాది మనుషుల పోరాట పటిమపై అతనికి నమ్మకం లేదు. ఆ అపనమ్మకమే విధానమై దక్షిణాది నియామకాలు కుదించుకుపోయాయి. అలా ఒక్క కలంపోటుతో ‘పనికిరాని’ జాతులమైనవారిలో మనమూ ఉన్నాం. ఆ సిద్ధాంతం ఎంత బూటకమో చెప్పడానికి మహర్ రెజిమెంటు చరిత్రే చాలు. తెలుగువాడైన జనరల్ కె.వి. కృష్ణారావు 1942లో ఆ రెజిమెంటులోనే అధికారిగా చేరి, 1981లో భారత సైన్యాధిపతి అయ్యారు. 1987లో శ్రీలంకలో ప్రాణాలర్పించి పరమవీరచక్ర పొందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ కూడా ఆ రెజిమెంటు వారే.

అంబేడ్కర్ సైనికుడి బిడ్డ. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారుగా, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. అంబేడ్కర్ పుట్టిందే మౌ కంటోన్మెంటులో. అయినా 1901లో తండ్రిని చూడడానికి పిల్లలు మసూర్ స్టేషనులో దిగినప్పుడు, వారి మంచి బట్టలు చూసి ఆదరంగా పలకరించిన స్టేషను మాస్టరు, కులం తెలియగానే దూరం జరిగాడు. బండివాళ్ళెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు. బండి పిల్లలు తోలుకోవాలి, అతను పక్కన నడిచి వస్తాడు. ఈ సంఘటనను అంబేడ్కర్ స్వయంగా రాశారు. సుబేదారు పిల్లలకు ఊరి బండి దక్కనిచోట, నాయక్ తల్లికి నడివీధి దక్కకపోవడంలో ఆశ్చర్యమేముంది? ఆశ్చర్యమల్లా ఆ రెండింటి మధ్య ఎనభై మూడేళ్ళు గడవడం, వాటి నడుమ ఒక రాజ్యాంగం రావడం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. సైన్యంలో కులం లేదు, వీరుల సభలోకి కులాన్ని ఎందుకు లాగుతారని అడుగుతారు. మా నాయన ఈ ప్రశ్నకు సగం ఒప్పుకునేవాడు. తన జీవితంలో అన్నిటికంటే తీపి జ్ఞాపకం లంగరులో అందరితో ఒకే వరుసలో కూర్చొని తిన్న అన్నమని చెప్పేవాడు. అక్కడ తన పక్కన ఏ కులంవాడు కూర్చున్నాడో చాలాకాలం తనకు తెలియనే లేదనేవాడు. ఆ మాట నేను కాదనను. అయితే ఆ లంగరే ఆయనకు ఊరిని భరించరానిదిగా చేసింది. పదిహేడేళ్ళు మనిషిగా బతికి వచ్చినవాడికి చూరులోని గ్లాసు మునుపటికంటే పదింతలు బరువవుతుంది. కులాన్ని సభలోకి మేము లాగడం లేదు. ఆయన జ్ఞాపకంలో అది ఉంది. దాన్ని కత్తిరించి మిగిలినదానికి చప్పట్లు కొట్టడమే అసలు లాగడం.

పైగా సైన్యం గురించిన ఆ మాట కూడా పూర్తిగా నిజం కాదు. 1773లో వారెన్ హేస్టింగ్స్ కాలంలో మొదలై నేడు రాష్ట్రపతి అంగరక్షక దళంగా ఉన్న పటాలంలోకి హిందూ రాజపుత్రులు, హిందూ జాట్లు, జాట్ సిక్కులను మాత్రమే తీసుకుంటున్నామని సైన్యమే 2013లో సుప్రీంకోర్టుకు చెప్పింది; అది కులవివక్ష కాదనీ, విధి నిర్వహణ అవసరాల కోసమనీ వివరణ ఇచ్చింది. ఎత్తు, ఒడ్డు, గుర్రపు స్వారీ కావాలంటే వాటినే కొలవవచ్చు. వాటికి కులధ్రువపత్రం ఎందుకు? దళితులు, ఆదివాసులు రాష్ట్రపతి పీఠాన్ని అధిష్ఠించిన దేశంలో, ఆ పీఠం ముందు ఈటె పట్టుకొని నిలబడే అర్హత వారి కులం పిల్లలకు లేకపోవడాన్ని ఏ కృతజ్ఞతా సభ కప్పిపుచ్చగలదు?

తిరిగివచ్చిన సైనికుడి మాటను చివరిదాకా వింటే ఏం జరుగుతుందో అమెరికా చరిత్ర ఒక ఉదాహరణ ఇస్తుంది. 1946 ఫిబ్రవరిలో ఐజాక్ వుడార్డ్ అనే నల్లజాతి సైనికుడు, సేవ నుంచి విడుదలైన కొద్ది గంటలకే, ఇంకా యూనిఫారంలో ఉండగానే, సౌత్ కరోలినాలో పోలీసు అధికారి దెబ్బలకు రెండు కళ్ళూ పోగొట్టుకున్నాడు. అతని యుద్ధ జ్ఞాపకాలతో ఎవరికీ ఇబ్బంది లేదు. అతని ఇంటిదారి జ్ఞాపకమే దేశాన్ని కుదిపింది. ఆ ఉదంతం అధ్యక్షుడు ట్రూమన్‌ను కలచివేసింది. 1948 జూలై 26న సైన్యంలో వర్ణవివక్షను రద్దుచేసే ఉత్తర్వుపై ఆయన సంతకం చేశాడు. కొట్టిన అధికారికి శిక్ష పడలేదన్నదీ చరిత్రే. అయినా, విన్న సగం చట్టంగా మారింది. మనం సన్మానాలు చేసే తేదీ, ఆ ఉత్తర్వు వెలువడిన తేదీ ఒకటే కావడం యాదృచ్ఛికం. దాని నుంచి నేర్చుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

ఈ ప్రశ్న పాతతరంతో ముగిసేది కాదు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద చేరినవారిలో 25 శాతానికి మించి కొనసాగరు. మిగిలినవారు నాలుగేళ్ళకే, పింఛను లేకుండా, చిన్న వయసులోనే ఊళ్ళకు తిరిగివస్తారు. నియామకాలు అన్ని వర్గాలకూ తెరిచి ఉంటాయని ప్రభుత్వం చెప్పింది, మంచిదే. తిరిగివచ్చే ఊరు అన్ని వర్గాలకూ తెరిచి ఉందా? మా నాయనకు కనీసం నెలనెలా పింఛను ఉండేది. పొలం రాకపోయినా పొయ్యి మీద కుండ ఎక్కేది, నన్ను చదివించగలిగాడు. రేపటి దళిత అగ్నివీరుడు ఆ ఆధారం కూడా లేకుండా అదే టీ కొట్టు ముందు, అదే భూస్వామి ముందు నిలబడవలసి ఉంటుంది.

కనుక కృతజ్ఞత చెప్పదలచుకున్నవారిని నేను కోరేవి మూడే. రాష్ట్రపతి అంగరక్షక దళంలో కులం ప్రాతిపదికను తీసివేయండి. మాజీ సైనికులకు ఇచ్చిన పట్టాలలో ఎన్నింటికి భూమి స్వాధీనమైందో, స్వాధీనం కానివారు ఏ కులాలవారో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ గ్రామంవారీగా లెక్కతీసి ప్రకటించండి. మూడోది ప్రభుత్వాన్ని కాదు, విద్యార్థులను అడుగుతున్నాను. వచ్చే జూలై 26న మీ కళాశాలకు ఒక ముసలి జవాను వస్తాడు. యుద్ధం సంగతి చెప్పి ఆగుతాడు. అప్పుడు శాలువా పట్టుకొని లేవకండి. ‘తిరిగొచ్చినాక మీ ఊళ్ళో ఏం జరిగింది తాతా?’ అని అడగండి. చెప్పింది రాసుకోండి, ఆయన ఊరికి వెళ్ళి చూడండి.

మా నాయన ఇప్పుడు లేడు. ఆ రోజు కప్పిన శాలువా పతకాల పక్కనే ట్రంకుపెట్టెలో ఉంది. మడత విప్పలేదు. మా ఊళ్ళో శ్మశానానికి పోయే శవాలు ఇప్పటికీ చెరువు కట్ట మీదుగానే పోతున్నాయి.