దరఖాస్తు తేలేదాకా జప్తు ఆపించండి

మార్చి 2010

అమెరికా ట్రెజరీ కార్యదర్శి టిమోతీ గైట్నర్ గారికి,

ఇళ్లు కాపాడతామంటూ నిరుడు మీ శాఖ ఇంటి అప్పుల షరతులు సవరించే హాంప్ పథకం తెచ్చింది. నెల వాయిదాను కుటుంబ ఆదాయంలో 31 శాతానికి దించడం, అందుకోసం వడ్డీని 2 శాతం దాకా తగ్గించడం, అవసరమైతే గడువును 40 ఏళ్లకు పెంచడం మంచి ఆలోచనలే. 30 నుంచి 40 లక్షల కుటుంబాలకు మేలు చేస్తామన్నారు, నమ్మాం.

కానీ వాయిదాలు వసూలుచేసే సంస్థల్లో ఒక విభాగం సవరణ దరఖాస్తు తీసుకుంటుంటే, మరో విభాగం జప్తు నోటీసు పంపుతోంది. సవరణ ఖాయమయ్యే ముందు కట్టాల్సిన మూడు నెలల ప్రయోగ వాయిదాలు క్రమంగా కట్టినవాళ్లనూ పంపిన కాగితాలే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. పిల్లల్ని ఏ బడిలో చేర్చాలో కూడా తేల్చుకోలేక తల్లిదండ్రులు నలిగిపోతున్నారు.

సవరించిన ఒక్కో అప్పుకు ఆ సంస్థలకు 1000 డాలర్లిస్తున్నది ప్రజాధనం నుంచే. దరఖాస్తు తేలేదాకా జప్తు చర్యలన్నీ ఆపించండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇప్పించండి. మాట వినని సంస్థకు ఆ సొమ్ము ఆపండి.

ఇట్లు,
అప్పు తీర్చాలనుకుంటున్న ఒక ఇంటి యజమాని