తీగ లాగితే...

కొత్త ఇల్లు కట్టుకునేవారు టైల్స్ కోసం పది దుకాణాలు తిరుగుతారు. ఏ కంపెనీ కుళాయి మంచిదని బంధువులందరినీ అడుగుతారు. గుమ్మానికి టేకు పెట్టాలా, వేప సరిపోతుందా అని ఇంటిల్లిపాదీ వారం రోజులు చర్చిస్తారు. గోడలో పైపులోకి దూర్చి పైన సిమెంటు మెత్తేసే నెట్ కేబుల్ సంగతి మాత్రం ఎలక్ట్రీషియన్‌కి వదిలేస్తారు. 'ఏదో ఒకటి వెయ్యవయ్యా' అనేస్తారు. టైల్ నచ్చకపోతే మార్చుకోవచ్చు. కుళాయి కారితే విప్పి పారేయొచ్చు. గోడలో తీగ అలా కాదు. ఇల్లు ఉన్నన్నాళ్లూ అదే!

తర్వాత ఏడాదికో రెండేళ్లకో మొదలవుతుంది అసలు కథ. పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు ఆగి ఆగి వస్తుంది. టీవీలో సినిమా సరిగ్గా క్లైమాక్సు దగ్గర గుండ్రంగా తిరుగుతూ నిలబడిపోతుంది. తిట్లు తినేది నెట్ కంపెనీ, లేదంటే రూటర్. అసలు దొంగ గోడలో హాయిగా నిద్రపోతుంటాడు.

'మా ఇంట్లో అంతా వైఫైయే కదా, కేబుల్ గొడవ మాకెందుకు?' అనేవారూ ఉన్నారు. వైఫై గాల్లో తేలి వెళ్లేది రూటర్ నుంచి ఫోన్ దాకా... ఆ నాలుగడుగులే. అక్కణ్నుంచి అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్ దాకా దారి దాదాపు మొత్తం తీగే. కొంత రాగి, ఎక్కువ గాజు.

ఒకప్పుడు కంప్యూటర్లను కలిపే తీగ, కేబుల్ టీవీ తీగ అన్నదమ్ముల్లా ఉండేవి. మధ్యలో ఒక రాగి తీగ, చుట్టూ ప్లాస్టిక్, దానిమీద అల్లిన లోహపు జాలీ, ఆపైన తొడుగు. అదే కోయాక్సియల్ కేబుల్. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బోగ్స్ ఈథర్‌నెట్‌కు ప్రాణం పోసింది ఈ రకం తీగమీదే. ఆ తర్వాత వచ్చిన లావు కేబుల్‌కు కొత్త కంప్యూటర్ కలపాలంటే కోరలాంటి సూదితో తొడుగును పొడిచి లోపలి రాగిని తాకాలి. ఆ బిగింపు పేరు 'వాంపైర్ ట్యాప్'. రక్తం పీల్చే పిశాచమన్నమాట! పిమ్మట సన్న రకం వచ్చింది. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి దండ గుచ్చినట్టు పోవడమే. 1990ల్లో కంప్యూటర్ ల్యాబుల్లో చదువుకున్న కొందరికైనా దీని తంటా గుర్తుండే ఉంటుంది. బల్ల కింద ఎవరి కాలో తగిలి ఒక్క అతుకు ఊడితే చాలు, వరుస వరుసంతా గప్‌చుప్. ఎక్కడ ఊడిందో వెతకడానికి మళ్లీ బల్లల కింద దూరాలి.

1990లో ప్రమాణంగా ఖాయమైన పురి తీగల ఈథర్‌నెట్ ఈ బాధ తప్పించింది. ఏ కంప్యూటర్ తీగ దానిదే. అన్నీ వెళ్లి మధ్యలో ఒక పెట్టెకు చేరతాయి. ఒకటి తెగితే ఒకటే పోతుంది.

బస్సులో ఎండ సీటు

ఇప్పుడు ఇళ్లలో వాడే నెట్ కేబుల్ తొడుగు చీల్చి చూస్తే ఎనిమిది సన్న తీగలు కనిపిస్తాయి. రెండేసి చొప్పున నాలుగు జతలు. ప్రతి జతా తాడు పేనినట్టు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటుంది. అందం కోసం కాదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు పుచ్చుకున్న కిటుకు అది.

ఎండాకాలం మధ్యాహ్నం, బస్సులో ఇద్దరు పక్కపక్కన కూర్చున్నారు. కిటికీ వైపున్నాయనకు మాడు పగులుతోంది. ఇవతలాయనకు కాస్త నయం. పది నిమిషాలకోసారి సీట్లు మార్చుకుంటే? దిగేసరికి ఇద్దరికీ సమానంగా ఎండ తగిలి ఉంటుంది. కేబుల్ పక్కనున్న కరెంటు తీగ, నీళ్ల మోటారు వెదజల్లే అలజడే ఆ ఎండ. పురి పెట్టిన జంట తీగలు అడుగడుగునా చోట్లు మార్చుకుంటూ పోతాయి కాబట్టి రెండింటికీ ఒకే మోతాదు అంటుకుంటుంది. అవతలి చివర కంప్యూటర్ చూసేది రెండు తీగల మధ్య తేడాను మాత్రమే. ఇద్దరికీ సమానంగా తగిలిన ఎండ ఆ తీసివేతలో కొట్టుకుపోతుంది. సమాచారం మిగులుతుంది. నాలుగు జతల పురీ ఒకేలా ఉండదు. ఒకటి బిగుతుగా, ఒకటి కాస్త వదులుగా ఉంటుంది. అన్నీ ఒకే తీరున తిరిగితే ఒక జత మాట ఇంకో జతకు వినిపించేస్తుంది మరి.

పనివాళ్లు బోల్తాపడేది చివర్లోనే. అందరూ ఆర్‌జే45 అని పిలిచే ప్లాస్టిక్ ప్లగ్గులో ఎనిమిది తీగల్నీ ఓ వరుసలో దూర్చాలి. ఎక్కువగా వాడే వరుస ఇదీ: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. హైదరాబాద్ అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సు చేసినవారిని అర్ధరాత్రి లేపి అడిగినా ఎక్కంలా అప్పజెప్పేస్తారు. గమనించారా? ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత దూరింది. ఆలుమగల మధ్య చుట్టాలొచ్చి కూర్చున్నట్టు!

వరుస తెలియనివారు ఏ జతకా జత పక్కపక్కనే పేర్చేస్తారు. రెండు చివర్లా అలాగే పేరిస్తే చేతిలో పట్టుకునే చిన్న టెస్టర్‌లో లైట్లన్నీ చక్కగా వెలుగుతాయి. కానీ కంప్యూటర్ లెక్కలో మూడు, ఆరు స్థానాలు ఒక జత. అక్కడికొచ్చి పడ్డవేమో రెండు వేర్వేరు జతల తీగలు. బస్సులో సీటు మార్చుకున్నది ఒకరితో, తేడా లెక్కగట్టేది ఇంకొకరితో. పురి ఉండీ లేనట్టే. మూడు నాలుగు మీటర్ల ముక్కయితే ఎలాగో నడిచిపోతుంది. మేడమీదికి లాగిన పొడుగు తీగయితే తడబడుతుంది. టెస్టర్ బాగుందంటుంది, నెట్ బాగాలేదంటుంది, ఇంటాయన జుట్టు పీక్కుంటాడు. ప్లగ్గు దగ్గర పురి విప్పడం కూడా అరంగుళానికి మించకూడదు. పని సులువవుతుందని రెండంగుళాలు విప్పేవారున్నారు. ఆ రెండంగుళాలూ ఎండలో కూర్చున్నట్టే.

ఇంకో చిత్రం ఉంది. 100 ఎంబీపీఎస్ వేగానికి ఎనిమిదిలో నాలుగు తీగలే చాలు. 1000కి, అంటే గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింట్లో ఒక్కటి సరిగ్గా అతక్కపోయినా రెండు వైపుల యంత్రాలూ మాట్లాడుకుని సాధారణంగా 100కి దిగిపోతాయి. ఇంటివాళ్లకు మాత్రం చెప్పవు. 300 ఎంబీపీఎస్ ప్లానుకు నెలనెలా డబ్బు కడుతున్నా, తీగతో కలిపిన కంప్యూటర్లో స్పీడ్ టెస్ట్ ఎప్పుడు చేసినా 94, 95 దగ్గరే ఆగిపోతోందా? కంపెనీకి ఫోన్ చేసేముందు ఆ తీగ మార్చి చూడాలి. రూటర్‌కు ఉన్నవే 100 పోర్టులైతే మాత్రం తీగది తప్పు కాదు.

ఇక కేబుల్ మీద కనిపించే క్యాట్ 5ఈ, క్యాట్ 6 వగైరా. క్యాట్ అంటే కేటగిరీ. దీని గురించి పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. 5ఈ కూడా 100 మీటర్ల దాకా గిగాబిట్‌ను మోస్తుంది. చాలా ఇళ్లకు ఇవాళ్టికీ అది చాలు. క్యాట్ 6 అయితే 55 మీటర్లలోపు 10 గిగాబిట్ వరకూ పనికొస్తుంది. అదే వేగం 100 మీటర్లు పోవాలంటే 6ఏ కావాలి. క్యాట్ 8 తయారైంది డేటా సెంటర్ల కోసం, అదీ 30 మీటర్లలోపు దూరాలకు. ఇంట్లోకి క్యాట్ 8 కొనడమంటే సందు చివరి కిరాణా కొట్టుకు లారీలో వెళ్లడమే.

గిల్టు నగ

అంకెకన్నా ముందు చూడాల్సింది లోహాన్ని. బజార్లో క్యాట్ 6 అని ముద్రేసిన 305 మీటర్ల డబ్బా, అంటే వెయ్యి అడుగులది, రకరకాల ధరల్లో దొరుకుతుంది. పైకి అన్నీ ఒకటే. మరీ చవగ్గా వచ్చినదాంట్లో తీగ చాలాసార్లు రాగిది కాదు. అల్యూమినియం తీగకు రాగి పూత. దుకాణాల్లో దీన్ని సీసీఏ అంటారు, కాపర్ క్లాడ్ అల్యూమినియం అని. అచ్చంగా గిల్టు నగ! పెళ్లికి పెట్టుకెళ్లొస్తే ఎవరికీ తెలియదు. తాకట్టు కొట్లో గీటురాయి మీద పెట్టినప్పుడే బండారం బయటపడుతుంది.

ఒకే మందమున్న రాగితో పోలిస్తే ఈ తీగ కరెంటుకు దాదాపు ఒకటిన్నర రెట్లు అడ్డుపడుతుంది. నెట్‌వర్క్ కేబుల్ ప్రమాణాలు అడిగేది అసలు రాగిని. కాబట్టి పైన ఏ అంకె ముద్రించినా సీసీఏ తీగ నిజంగా క్యాట్ 6 కాదు. నాలుగుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కుమంటుంది. ప్లగ్గు పళ్లు గుచ్చుకున్నచోట పూత చీలి అల్యూమినియానికి గాలి తగులుతుంది, పైన పొర కడుతుంది, పట్టు చెడుతుంది. బిగించినరోజు బ్రహ్మాండంగా పనిచేసిన తీగ రెండో వానాకాలానికి మొరాయించడానికి ఇదో కారణం.

అసలు ముప్పు సీసీ కెమెరాల దగ్గర. ఇప్పుడు చాలా కెమెరాలకు విడిగా కరెంటు తీగ ఉండదు. నెట్ కేబుల్లోనే సమాచారంతోపాటు కరెంటూ వెళ్తుంది. దాన్నే పీవోఈ అంటారు. 2003లో దీనికి ప్రమాణం ఖాయం చేసినప్పుడు ఒక కేబుల్లో పంపింది 15 వాట్ల చిల్లరే. 2018 ప్రమాణంలో అది 90 వాట్ల దాకా పెరిగింది.

గేటు దగ్గరి కెమెరా పగలంతా బాగానే చూపిస్తుంది. చీకటి పడగానే ఆరిపోతుంది, వెలుగుతుంది, మళ్లీ ఆరిపోతుంది. ఇంటివాళ్లు కెమెరా మారుస్తారు. కొత్తదీ అంతే. జరిగేదేమిటంటే, రాత్రి చూపు కోసం కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగ్గానే అది కరెంటు ఎక్కువ లాగుతుంది. గిల్టు తీగలో వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. కెమెరాకు చాలదు. దొంగలొచ్చే వేళకే కాపలాదారు కునుకు తీస్తాడన్నమాట!

దారిలో పోయిన ఆ వోల్టేజీ తీగలోనే వేడిగా మారుతుంది. ఒక్క కేబుల్ అయితే అదేమంత లెక్కలోనిది కాదు. అపార్ట్‌మెంట్‌లో ఇరవై ముప్పై కేబుళ్లను మోపులా బిగించికట్టి, అన్నింట్లోనూ కరెంటు పంపితే నడిమధ్య ఉన్నవాటి వేడికి బయటికి దారి దొరకదు. తొడుగు పాడవుతుంది. పీవోఈకి సీసీఏ వద్దని, నిప్పు ప్రమాదమని తెలిసినవాళ్లు మొత్తుకునేది అందుకే.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. కొనేముందు చిన్న ముక్క అడిగి, ఒక తీగను బ్లేడుతో గట్టిగా గీకాలి. లోపలా ఎర్రగానే ఉంటే రాగి. తెల్లగా మెరిసిందా, గిల్టే. రెండు డబ్బాలు ఎత్తి చూసినా తెలుస్తుంది. రాగి బరువు అల్యూమినియానికి మూడు రెట్ల పైమాటే. కొందరు తయారీదారులు డబ్బామీద ఓ మూల సీసీఏ అని నిజాయతీగానే రాస్తారు, చదివేవారే ఉండరు. బిల్లుమీద 'ప్యూర్ కాపర్' అని రాసిమ్మంటే కొన్ని దుకాణాల్లో పెన్ను కదలదు. ఆ డబ్బా అక్కడే వదిలేసి రావచ్చు.

గాజు దారం

రాగికి దూరాభారం పడదు. ఇళ్లలో వాడే కేబుల్‌కు 100 మీటర్లే హద్దు. ఊరవతల నుంచి రావాలంటే ఆప్టికల్ ఫైబరే దిక్కు. ఇళ్లకొచ్చే ఫైబర్లో వెలుగు నడిచే భాగం మందం సుమారు 9 మైక్రాన్లు. తలవెంట్రుక దానిముందు మోకులా ఉంటుంది. గాజును తగినంత శుద్ధి చేస్తే వెలుగును కిలోమీటర్ల కొద్దీ పంపొచ్చని 1966లో చార్లెస్ కావో, సహచరుడు జార్జ్ హాక్‌హామ్‌తో కలిసి లెక్కగట్టి చెప్పారు. కావోకు 2009లో నోబెల్ వచ్చింది.

వెలుగు కాబట్టే వేగమని చాలామంది అనుకుంటారు. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. రాగి కేబుల్లో సంకేతమూ ఇంచుమించు అంతే పోతుంది. తేడా అంతా ఎంత మోస్తుంది, ఎంతదూరం మోస్తుంది అన్నదాంట్లోనే.

గాజుకు కరెంటు అలజడి అంటదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్ గ్రిడ్‌ను కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లకు లాగగలిగారంటే అందువల్లే. పిడుగుల దగ్గరా ఇదే మేలు. ఇంటినుంచి దూరంగా ఉన్న షెడ్డుకో, పక్క డాబాకో రాగి కేబుల్ లాగితే, దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు రెండు వైపులా పోర్టులు మాడిపోవచ్చు. అలాంటిచోట ఫైబర్ వేస్తే ఆ గండం తప్పుతుంది.

ఇంట్లోకొచ్చిన ఫైబర్‌ను మాత్రం మడవకూడదు. వంపు దగ్గర వెలుగు బయటికి జారిపోతుంది. పెట్టెమీద ఎర్రలైటు వెలిగితే ముందు టీవీ బల్ల వెనక తీగ నలిగిందేమో చూడాలి. ఊడదీసి ఆ ప్లగ్గులోకి కన్ను పెట్టి చూడటం, పిల్లల్ని చూడనివ్వడం అసలే వద్దు. అందులో వచ్చేది కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు.

ఇల్లు కడుతున్నవారికి మేస్త్రీ గోడ మెత్తకముందే పని ఉంది. కరెంటు పైపులో నెట్ కేబుల్ దూర్చనివ్వకుండా, కాస్త ఎడంగా విడి పైపు వేయించాలి. టీవీ దగ్గరికి, పిల్లలు చదువుకునే గదికి, ప్రతి అంతస్తులో వైఫై పెట్టె బిగించేచోటుకి ఒక్కో రాగి కేబుల్. ఎండ తగిలే డాబామీద అయితే బయట వాడకానికని చేసిన నల్ల తొడుగు రకం. వీధివైపు నుంచి లోపలికి ఒక ఖాళీ పైపు, దాంట్లో ఓ నైలాన్ తాడు. రేపు ఏ కొత్త తీగ వచ్చినా ఆ తాడుకు కట్టి లాగేయొచ్చు. సిమెంటు పడేముందు ప్రతి గోడకూ ఫోన్‌తో ఓ ఫొటో తీసి పెట్టుకుంటే, పదేళ్ల తర్వాత దేవుడి పటానికి మేకు కొట్టేటప్పుడు పనికొస్తుంది.