ఏలినాటి శని, మన ఫుట్‌బాల్ స్ట్రైకరు

2022 జూన్‌లో ఒక వార్త చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, పురుషుల జట్టులో ఉత్సాహం నింపడానికని ఒక సంస్థను కుదుర్చుకుని 16 లక్షల రూపాయలు ముట్టజెప్పింది. తీరా చూస్తే అది జ్యోతిషం చెప్పే సంస్థ! మరుసటి ఏడాది ఇంకో సంగతి బయటపడింది. అప్పటి కోచ్ ఇగోర్ స్టిమాచ్, మ్యాచ్‌కు ముందు ఆటగాళ్ళ పేర్లు ఒక జ్యోతిష్కుడికి పంపి ఎవరి గ్రహబలం ఎలా ఉందో కనుక్కునేవాడని ఇండియన్ ఎక్స్‌ప్రెస్ రాసింది.

నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా బిల్లులు చూసి రిటైరైనవాణ్ణి. బూట్ల బిల్లు వచ్చినా, బియ్యం బిల్లు వచ్చినా మేం అడిగేది ఒక్కటే. సరుకు వచ్చిందా, ఎవరు కొలిచి తీసుకున్నారు? గ్రహబలాన్ని కొలిచి స్టాకు రిజిస్టరులో ఎక్కించిన గుమస్తా ఎవరో నాకు చూడాలని ఉంది.

"ఆ నెలలోనే కంబోడియా, ఆఫ్ఘనిస్తాన్, హాంకాంగ్‌లను ఓడించి ఆసియా కప్‌కు వెళ్ళారు కదండీ" అని ఒక మిత్రుడు వాదించాడు. వెళ్ళారు. 2024 జనవరిలో ఖతార్‌లో ఆ కప్ జరిగింది. మూడు మ్యాచ్‌లూ ఓడారు, ఒక్క గోలూ కొట్టలేదు. గెలిస్తే గ్రహాలకు జమ, ఓడితే ఆటగాళ్ళకు ఖర్చు! ఇలాంటి పద్దు రాసుకొస్తే నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు.

సరే, వాళ్ళకు డబ్బుంది, పోగొట్టుకున్నారు. నా బాధ అది కాదు. మా వీధిలో జరిగింది చెబుతాను.

నేనుండేది పోర్ట్ బ్లెయిర్‌లో. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా నోటికి ఇంకా అలవాటు కాలేదు. ఇక్కడ తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. ఉత్తరాంధ్ర నుంచి చేపల వేటకీ, కూలికీ వచ్చి స్థిరపడ్డవాళ్ళే చాలామంది. అలాంటి ఒక ఇంటి పిల్ల, పదహారేళ్ళది, ఫుట్‌బాల్ ఆడుతుంది. ఫార్వర్డు. సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు చూస్తుంటాను. బంతి తన దగ్గరికి రాకముందే గోల్‌కీపరు ఎక్కడుందో ఓరకంట చూసుకుంటుంది. మగపిల్లలతో కలిసి ఆడి మరీ గోల్స్ కొడుతుంది.

రెండేళ్ళ క్రితం చెన్నైలో ఒక క్లబ్బు ఎంపికలకు రమ్మని కబురొచ్చింది. ఇక్కడి నుంచి చెన్నైకి ఓడలో దాదాపు మూడు రోజుల ప్రయాణం. టికెట్లు తీశారు. వారం తిరగకుండానే తండ్రి వాటిని రద్దు చేయించుకున్నాడు. ఏమయ్యా అని అడిగితే, "పంతులుగారికి జాతకం చూపించానండి. పిల్లకి ఏలినాటి శని నడుస్తోందట. సముద్రం దాటించొద్దన్నారు" అన్నాడు. ఇతను తన ఇరవయ్యో ఏట శ్రీకాకుళం జిల్లా నుంచి సముద్రం దాటి వచ్చినవాడే! అప్పుడు జాతకం ఎవరికీ చూపించలేదు. తన కొడుకును ఐటీఐ చదువుకు విశాఖ పంపినప్పుడూ చూపించలేదు. శని ఆడపిల్ల దగ్గరే ఎందుకు అడ్డం పడ్డాడు?

నిజానికి ఆయన భయం శని గురించి కాదనుకుంటాను. డబ్బు, తోడు, నలుగురి మాట, రేపటి పెళ్ళి, ఇవీ ఆయన భయాలు. ఇవన్నీ పైకి చెప్పుకోవడం కష్టం. శని మీద తోసేస్తే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు.

నేను వేయగలను, లెక్కలవాణ్ణి కనుక. వాళ్ళ శాస్త్రం ప్రకారమే శని ఒక్కో రాశిలో రెండున్నరేళ్ళు ఉంటాడు. జన్మరాశికి ముందు రాశి, జన్మరాశి, తరువాతి రాశి, ఈ మూడింటిలో ఉన్నంత కాలం ఏలినాటి శని. అంటే ఏ రోజు చూసినా పన్నెండు రాశుల్లో మూడింటివాళ్ళకు, సుమారు జనంలో నాలుగో వంతుకు ఇది నడుస్తూనే ఉంటుంది. మైదానంలో ఉన్న 22 మందిలో సగటున ఐదారుగురికి! గెలిచిన జట్టులోనూ ఉంటారు, ఓడిన జట్టులోనూ ఉంటారు.

ఇంకో లెక్క. పదహారేళ్ళ పిల్ల ఏడున్నరేళ్ళు ఇంట్లో కూర్చుంటే ఇరవై మూడున్నర వస్తుంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2001లో పుట్టింది. మొదట పరుగుపందాల పిల్ల. ఆ పరుగే ఫుట్‌బాల్‌లోకి తెచ్చింది. గోకులం కేరళకు ఆడింది. 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌లో చేరింది, అదీ సముద్రం అవతలే. తరువాత ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, 2024-25లో ఆ జట్టు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలవడంలో పాలుపంచుకుంది. 2025 మేలో సమాఖ్య ఆమెను ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా ప్రకటించింది. అప్పటికి ఆమె వయసు ఇరవై మూడు. మా వీధి పిల్లను ఇంట్లో ఉంచమన్న ఏడేళ్ళూ సౌమ్య పనిచేసిన ఏడేళ్ళు. స్ట్రైకరు వృత్తికి చిన్న వయసులో గడిచే ఏళ్ళు విలువైనవి. ఇంజనీరు చదువులా రెండేళ్ళు ఆగి చేరేది కాదు.

2025 జూలైలో థాయిలాండ్‌ను వాళ్ళ దేశంలోనే 2-1తో ఓడించి మన ఆడవాళ్ళు ఆసియా కప్‌కు అర్హత సాధించారు. అర్హత పోటీల్లో నెగ్గి వెళ్ళడం అదే మొదటిసారి. ఆ పోటీల జట్టులో సౌమ్య ఉంది. ర్యాంకుల్లో థాయిలాండ్ మనకన్నా చాలా పైన ఉన్నా గెలిచారు. ఆ 16 లక్షలతో ఇలాంటి పిల్లలకు ఎన్ని జతల బూట్లు, ఎన్ని ఓడ టికెట్లు వచ్చేవో చదివేవారే లెక్క కట్టుకోండి.

నా తప్పు కూడా ఒప్పుకోవాలి. టికెట్లు రద్దైన రోజు నేను ఇవేమీ ఆ తండ్రితో అనలేదు. ఇంటి విషయం, మనకెందుకులే అనుకున్నాను. మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాణ్ణి, పక్కింటి గడప దగ్గర నోరు మూసుకున్నాను. పోయిన నెలలో వెళ్ళి రాశుల లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఓపిగ్గా విన్నాడు. ఈసారి ఎంపికలు పడితే తండ్రీకూతుళ్ళిద్దరికీ టికెట్లు నేను తీస్తానన్నాను. "చూద్దాం లెండి" అన్నాడు. పిల్ల గుమ్మంలో నిలబడి వింటోంది. బూట్లు చిరిగితే దారంతో కుట్టుకుంది.