భోజనశాల పట్టికలో లేని గీత



గడచిన మాసమున బతుకమ్మ సద్దులను గూర్చి వ్రాయుచు, మలీదముద్దల విధానమును ఈ నెల నిత్తుమని మాట యిచ్చితిమి. ఆ మాట తప్పవలసి వచ్చినది. పండుగదినములలో మా యింట జరిగిన యొక సంగతి ముందుగా మీతో చెప్పుకొననిదే మాకు కలము సాగుట లేదు. మలీదముద్ద లెక్కడికిని పోవు.

మేముండు మేడ్చలు ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరు పడిన ప్రాంతము. ఇప్పుడు పందిళ్లున్న చోట్ల మేడలు లేచినవి, వానిలో కళాశాలలు కూడ ననేకము. ఇటు శామీరుపేటలో న్యాయశాస్త్రమునకై 1998లో నెలకొల్పిన నల్సారు విశ్వవిద్యాలయ మున్నది. అటు జవహరునగరు దిక్కున బిట్సు పిలానీవారి హైదరాబాదు శాఖ 2008 నుండి నడుచుచున్నది. మా అక్కయ్య కూతురు చదువునది ఈ రెండును గావు, వేరొకటి. దాని పేరుతో మనకు పని లేదు. పిల్ల వసతిగృహమున నుండి చదువుకొనుచున్నది. అక్కయ్యవాళ్లది కరీంనగరు పోవు బాటలో నొక పల్లె.

ఆ పిల్ల దినచర్య మాకు నోటికి వచ్చును. ఆరున్నరకు లేచుట, స్నానపుగది ముందు బకెట్టు వరుసలో పెట్టి నిలుచుట, ఉప్మా సగము తిని యెనిమిదిన్నరకు తరగతికి పరుగెత్తుట, సాయంకాలము నాలుగున్నర దాక ప్రయోగశాల. తొమ్మిదింటికి తల్లికి ఫోను. ఆ తరువాత మొదలగును అసలైన చదువు, ఒంటిగంట దాక కంప్యూటరు ముందు. పలకయు, పుస్తకమును, ఉత్తరమును, జవాబుకాగితమును అన్నియు నా యొక్క యంత్రమే. మా అక్కయ్య గాజులజత కుదువబెట్టి కొనియిచ్చిన యంత్రమది. దానిపై దుమ్ము పడిన నోర్వక పిల్ల పాత చున్నీ కప్పి దాచుకొనెడిది.

దసరా సెలవులకు గదిలోని తక్కిన ఇద్దరు పిల్లలును ఇండ్లకు పోయిరి. సెలవులు ముగిసిన దినమే యొప్పగింపవలసిన ప్రాజెక్టు మిగిలియుండుటచే నీమె నిలిచిపోయినది. శనివారము రాత్రి జ్వరము తగిలినది. వానలో తడిసితిని గదా యనుకొన్నదట. మరునాటికి కన్నుల వెనుక పోటు, ఎముకలు విరుగుచున్నంత నొప్పి. లేచి భోజనశాలకు పోలేదు. ఆదివారము, సోమవారము, మంగళవారము, మూడు దినములును అక్కడి పట్టికలో నామె పేరున కెదురుగా గీత పడలేదు. ఆ పట్టిక నెల కడపట సొమ్ము లెక్కకట్టుటకే గాని పిల్లను వెదకుటకు గాదు. తల్లితో మాత్రము తొమ్మిదింటికి యథాప్రకారము మాటలాడి, బాగుగానే తింటినని చెప్పినది.

మంగళవారము మధ్యాహ్నము మాకు ఫోను వచ్చినది. జ్వరమును గూర్చి కాదు సుమా! "చిన్నమ్మా, కంప్యూటర్లు బాగుచేయువారు చిన్నాయన కెవరైన తెలియుదురా?" అని యడిగినది. ఓఆర్‌ఎస్‌ పొడి కలిపిన నీళ్లగ్లాసు చేయి వణికి మీటల మీద నొలికినదట. తుడిచి, చార్జరు పెట్టి, నాలుగైదుమార్లు వెలిగింప జూచినదట. ఐదవమారు వెలుగు రాలేదు. మూడునెలల పని అందులోనే యున్నది. ఏడ్చుచున్నదేమో యనుకొంటిమి. కాదు, ఆ గొంతు ఏడ్పుగొంతు గాదు. "నీ గొంతేమే యట్లున్నది? ఏమి తింటివి?" అని యడిగితిమి. కొంతసేపు బదులు లేదు.

మా యింటినుండి అక్కడికి ఆటోలో గంట పట్టదు. ఆ గంటలోపు దూరమున మూడు దినములు పిల్ల యొంటరిగా పడియుండెను. పండుగపూట పిలువకపోతిమే యని మమ్ము మేమే తిట్టుకొంటిమి. పిలిచియుండవలసినది. ఇంటి నిండ చుట్టాలని, పిల్లకు చదువున్నదని, మాకును సాకులు దొరికినవి.

రక్తపరీక్షలో డెంగ్యూ యని తేలినది. ప్లేట్‌లెట్లు లక్షన్నరకు తగ్గరాదట, తొంబదిరెండువేలున్నవి. బుధవారము తెల్లవారుసరికి జ్వరము దిగినది. మేము సంతోషించి, వేడిగా చారన్నము పెట్టి, గండము గడచినదనుకొంటిమి. వైద్యురాలు మా సంతోషమును చూచి కోపగించినది. జ్వరము దిగిన తరువాతి ఒకటి రెండు దినములే యీ వ్యాధిలో మిక్కిలి కాపుగాయవలసిన వేళ యట. కడుపులో విడువని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి గాని ముక్కునుండి గాని నెత్తురు, చేతులు కాళ్లు చల్లబడుట, మగతయో కలతయో కలుగుట, వీనిలో నొక్కటి కనబడినను రాత్రియని చూడక ఆసుపత్రికి తేవలెనని చెప్పినది. నొప్పులకు పారాసిటమాలు తప్ప ఆస్పిరిను, ఐబూప్రొఫెను వంటివి ముట్టరాదు. అవి నెత్తురు కారుటను హెచ్చించును. పిల్ల వసతిగృహమున నెవరో యిచ్చిన నొప్పిబిళ్ల యొకటి మ్రింగినదని యప్పుడు బయటపడినది. పొరుగింటి పెద్దమ్మ బొప్పాయి ఆకులు కోసి తెచ్చెను. ఆమె మనసు నొప్పింపక పుచ్చుకొంటిమి గాని, పిల్లకు పట్టించినది కొబ్బరినీళ్లు, గంజి, మజ్జిగ మాత్రమే.

ఈ దోమ మనము రాత్రి భయపడు దోమ గాదు. 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులోనే రొనాల్డు రాసు మలేరియా క్రిమిని దోమకడుపున కనుగొనెనని మీలో చాలమంది వినియుందురు. ఆ దోమజాతి వేరు, డెంగ్యూ దోమజాతి వేరు. ఇది పగటిపూట కుట్టును, మురికికాలువలో గాక మన యింటి శుభ్రమైన నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు తొట్టిగోడల కంటుకొని నెలల తరబడి యెండియు చావవు. కావున నీళ్లు పారబోసిన చాలదు, గోడలను కొబ్బరిపీచుతో తోమవలెను. పిల్ల గది కిటికీ క్రింద ఎండకాలము నాటి కూలరొకటి సగము నీళ్లతో నట్లే యున్నది. మేము స్వయముగా వంచి పారబోసితిమి. కావలివాడు వింతగా చూచెను.

ఇక యంత్రము సంగతి. మొదట చూపిన దుకాణమువాడు మూత యైన తీయక, అంతయు పోయినది, క్రొత్తది కొనుడనెను. మావారికి మనసొప్పలేదు. బడిపంతులకు గల యాస్తి పాతశిష్యులే గదా! సికిందరాబాదు పార్కులేనులో చెనాయ్‌ ట్రేడు సెంటరున్నది. అందొక చిన్న కొట్టున వారి శిష్యుడు పని చేయుచున్నాడు. రైలెక్కి అక్కడికి తీసికొనిపోయిరి. అతడు విప్పి చూచి, ప్రధానఫలకము చెడినదిగాని వ్రాతలు దాగియుండు ఎస్‌ఎస్‌డీ యను చిన్న పలక వేరుగా నున్నదనియు, దానికి తడి తగులలేదనియు చెప్పి, దానినొక డబ్బీలో బిగించి మరియొక కంప్యూటరునకు తగిలించెను. అరగంటలో మూడునెలల పనియు కనబడినది. మావారు ఫోనులో ఆ మాట చెప్పగా పిల్ల యేడ్చినది. జ్వరములో నేడువని పిల్ల!

ఆ శిష్యుడు చెప్పినది మీ పిల్లలకును చెప్పుడు. నీరొలికిన క్షణమే చార్జరు తీసి, మీట నొక్కిపట్టి ఆర్పి, తెరచి బోర్లించి నిలుపవలెను. వెలుగునేమో యని పరీక్షింపరాదు. మన పిల్ల యంత్రమును చంపినది నీళ్ల కంటె ఆ పరీక్షలే. ఉప్పు పంచదార కలిసిన నీరు ఆరినను లోపల మరక నిలిచి లోహమును తినును గనుక, విప్పి కడిగించక తప్పదు. బియ్యములో పూడ్చుట వలన బియ్యము పాడగుటయే ఫలము. వ్రాసిన పనికి వేరొకచోట ప్రతి యుంచుట మరువరాదు. ఈ యొక్క యలవాటే యుండినచో జ్వరములో పిల్ల అంత బెంగపడకపోవును.

సంస్కృతభారతము ఆదిపర్వమున పౌష్యోపాఖ్యానములో ఉపమన్యువను శిష్యుడున్నాడు. గురువు ఒక్కొక్క తిండియు నిషేధింపగా ఆకలికి జిల్లేడాకులు తిని, కన్నులు పోయి, పాడునూతిలో పడును. అశ్వినులను స్తుతించి చూపు పొందినాడని మాత్రమే మనము చెప్పుకొందుము. మాకిప్పుడు తోచున దింకొకటి. ప్రొద్దు గ్రుంకినది, ఉపమన్యువు రాలేదని గమనించి, పేరుపెట్టి పిలుచుచు అడవిలోనికి పోయినవాడు ఆ కఠినగురువే. అంత కఠినుడును సాయంకాలము తలలు లెక్కించుకొనెను.

జ్వరమని ముందే యధ్యాపకునకు చెప్పలేదేమని యడుగగా, సాకనుకొందురని పిల్ల యన్నది. పరీక్షచీటి చూపినంతనే ఆయన ఎనిమిది దినములు గడువిచ్చెను.

ఇంకొకటి మీతో దాచరాదు. "అమ్మకు చెప్పవద్దు చిన్నమ్మా. తాతయ్య వినిన చదువు మాన్పించి పెండ్లి సంబంధము చూచును" అని పిల్ల మా చేతులు పట్టుకొన్నది. నాలుగు దినములు మేము చెప్పలేదు. రాత్రి తొమ్మిదింటికి పిల్ల తల్లితో నవ్వుచు మాటలాడుచుండగా ప్రక్కన కూర్చుండి మేము నోరు కుట్టుకొంటిమి. ప్లేట్‌లెట్లు లక్షా నలువదివేలకు పెరిగిన దినమున చెప్పితిమి. అక్కయ్య సాయంకాలమునకే దిగినది. పిల్లను నిమిరి నిమిరి చూచి, మా వైపు తిరిగి, "ఏమైన జరిగియుండిన నాకేమని చెప్పెడిదానవు?" అన్నది. మాకు బదులు దొరకలేదు. ఇప్పటికిని దొరకలేదు. చదువు నిలిచినది గదా యని యొకప్పుడును, ఆ తల్లి స్థానమున మేముండిన క్షమింతుమా యని యొకప్పుడును అనుకొనుచున్నాము.

పిల్ల సోమవారము మరల పోయినది. దోమతెర, నీళ్లకు మూతగల సీసా కొనియిచ్చితిమి. గదిలోని ముగ్గురును ఒక యేర్పాటు చేసికొన్నారట: ఎవరు భోజనమునకు రాకున్నను తక్కినవారు పోయి తలుపు తట్టవలెను, సెలవులలో నిలిచిన పిల్ల ప్రక్కగదికి చెప్పియుంచవలెను. యంత్రమునకు క్రొత్త ఫలకము వేయించుటకైన సొమ్ము మేమిచ్చితిమి. గాజులింకను విడిపింపలేదు.

నిన్న అక్కయ్య ఫోను చేసినది. మావారితో మాటలాడి పెట్టివేసినది.