కడుపులోని ఊరు



కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చిందంటే నల్లమల అంచున ఉన్న అచ్చంపేటలో చలి ముదిరిందన్నమాటే. తెల్లవారుజామున కొండల మీది నుంచి గాలి చల్లగా దిగుతుంది. బడిలో ఒకడు "హాచ్!" అంటే, రెండు మూడు రోజులకు వాడి పక్కన కూర్చునే వాళ్లందరూ "హాచ్! హాచ్!" అంటారు. మీరు ముక్కు తుడుచుకుంటూ ఇంటికి వస్తారు. అన్నంలోకి మజ్జిగ పోసుకోబోతే నాయనమ్మ గిన్నె అవతలకు జరిపి, "సర్ది పట్టినోనికి సల్ల ఎందుకు బిడ్డా?" అంటుంది. నాన్న, పోయినసారి జ్వరానికి తెచ్చిన మాత్రలు రెండు మిగిలినవేమోనని అలమర వెదుకుతాడు.

ఇద్దరూ మీ మంచి కోరేవాళ్లే. అయినా ఇద్దరూ కొంచెం పొరబడుతున్నారు. అదెలాగో తెలియాలంటే ముందు మనం ఒక ఊరు చూసి రావాలి. ఆ ఊరు ఎంతో దూరం కాదు. మీ బొడ్డు వెనకనే ఉంది!

మన పెద్దపేగులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కాపురం ఉంటున్నవి. ఎన్నో తెలుసునా? ఒక పెద్దమనిషి శరీరంలో సుమారు 38 లక్షల కోట్లు ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. భూమి మీది మనుషులందరి సంఖ్యకు ఇది నాలుగు వేల రెట్లకు పైమాటే. ఇంత జనాభా ఉన్నా, అన్నిటినీ కలిపి తూచితే రెండు వందల గ్రాములు తూగుతవి. అంతే!

"అమ్మో! పొట్ట నిండా పురుగులా?" అని భయపడకండి. వీటిలో చాలా భాగం మనకు చుట్టాలే. మనకు అరగని పీచును అవి తింటవి. తిని, ఊరికే కూర్చోవు. ఆ పీచును పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారు చేస్తవి. వాటిలో ఒకదాని పేరు బ్యుటిరేట్. పెద్దపేగు లోపలి గోడలోని కణాలకు అదే ముఖ్యమైన ఆహారం. అంటే, మనం ఊరివారికి అన్నం పెడితే ఊరివారు గోడకు అన్నం పెడతారన్నమాట. గోడ గట్టిగా ఉంటే దొంగలు చొరబడలేరు కదూ?

"జలుబు చేసేది ముక్కుకు గదా, పేగుతో పనేమిటి?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. రోగాలతో పోరాడే మన సైన్యంలో పెద్ద దండు ఒకటి పేగు గోడ వెంబడే కాపలా ఉంటుంది. తిండితోపాటు రోజూ ఎన్నో కొత్త క్రిములు లోపలికి వస్తవి గనుక, కాపలా అక్కడ అవసరం. ఎవరు చుట్టం, ఎవరు శత్రువు అని ఆ దండు నేర్చుకునేది ఈ ఊరివారితో కలిసిమెలిసి ఉండటం వల్లనే. ఆ చదువు శరీరమంతటికీ పనికివస్తుంది.

మరి ఈ ఊరివారికి ఏమి పెట్టాలి? అచ్చంపేట ప్రాంతంలో వెదుక్కోనక్కరలేదు. జొన్నరొట్టె, కందిపప్పు, పెసలు, పల్లీలు, తోటకూర, గోంగూర, జామకాయ, అన్నిటిలోనూ పీచు ఉంది. తైద అంబలి సరేసరి. తైదలంటే రాగులే. తైదపిండిని రాత్రి నీళ్లలో కలిపి ఉంచితే తెల్లవారేసరికి కొద్దిగా పులుస్తుంది. దాన్ని ఉడికించి, చల్లార్చి, మజ్జిగ, ఉప్పు కలిపి, ఉల్లిపాయ నంజుకుంటూ తాగుతారు. ఇందులో ఒక కిటుకు ఉంది. ఉడికేటప్పుడు పులియబెట్టిన సూక్ష్మజీవులు చచ్చిపోతవి. చల్లారిన తరువాత మజ్జిగ పోస్తాము గనుక, మజ్జిగలోని సూక్ష్మజీవులు మాత్రం బతికే ఉంటవి. వేడివేడి అంబలిలో మజ్జిగ పోయకూడదని ఇప్పుడు తెలిసింది గదా!

ఇక నాయనమ్మ మాట. మజ్జిగ వల్ల జలుబు రాదు. జలుబు తెచ్చేది వైరస్. అది తుమ్మినవారి తుంపరల వెంటా, చేతుల వెంటా ఒకరి నుంచి మరొకరికి పాకుతుంది. మరీ చల్లని మజ్జిగ గొంతుకు ఇబ్బంది అనిపిస్తే, చల్లదనం పోయిన తరువాత తాగండి. నాయనమ్మకు ఈ సంగతి మెల్లగా, ఆమె పక్కన కూర్చుని చెప్పండి. వాదం వేసుకోకండి!

నాన్న వెదికే మాత్రల సంగతి ఇంకా పెద్దది. దానికి ఒక తెలుగు మహనీయుని కథ చెప్పుకోవాలి.

1895లో భీమవరంలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టారు. స్ప్రూ అనే పేగుజబ్బు ఆ ఇంటిని పట్టింది. అది వచ్చినవారికి తిన్నది ఒంటబట్టదు. మనిషి రోజురోజుకూ చిక్కిపోతాడు. కొద్ది రోజుల తేడాలో సుబ్బారావుగారి అన్నదమ్ములు ఇద్దరు ఆ జబ్బుతో పోయారు. ఆ జబ్బు ఆయనకూ వచ్చింది. కాని ఆయన బతికి బయటపడ్డారు. తరువాత అమెరికా వెళ్లి, లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకులయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. ఆకుకూరల్లో ఉండే విటమిను అది. మన కడుపులోని ఊరివారు కూడా దాన్ని కొంత తయారు చేస్తారు. 1948లో ఆ ప్రయోగశాల నుంచే, మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ అనే మందు లోకానికి వెల్లడైంది. టెట్రాసైక్లిన్ అనే మందుల కుటుంబంలో అదే మొదటిది. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావుగారు మరణించారు. స్ప్రూ జబ్బుకు ఈనాడు వైద్యులు ఇచ్చేవి ఏమిటో తెలుసునా? ఫోలిక్ ఆమ్లమూ, టెట్రాసైక్లినూ! అన్నదమ్ములను మింగిన జబ్బుకు ఆయన పనిలో నుంచే మందు దొరికింది.

ఇంత గొప్ప మందు మరి జలుబుకు వేసుకుంటే ఏమి? ఇక్కడే జాగ్రత్త కావాలి. ఇటువంటి మందులను యాంటీబయాటిక్స్ అంటారు. అవి బాక్టీరియాను చంపుతవి. వైరస్‌ను ఏమీ చేయలేవు. జలుబుకు వాటిని మింగితే వైరస్ హాయిగా ఉంటుంది. కడుపులోని ఊరివారు మాత్రం చస్తారు. దొంగ ఒకచోట, దెబ్బలు మరొకచోట! అంతే కాదు. చావక మిగిలిన బాక్టీరియా ఆ మందుకు మొండికేస్తుంది. రేపు నిజంగా అవసరం వచ్చిన నాడు అదే మందు పని చేయకపోవచ్చు. అందుకే డాక్టరు రాసి ఇస్తేనే, రాసినన్ని రోజులే వాటిని వాడాలి. మిగిలిన మాత్రలు దాచకూడదు, ఇంకొకరికి పెట్టకూడదు.

ఈ నెల మీరు చేయవలసిన ప్రయోగం ఇది. అమ్మ సాయంతో రెండు గిన్నెలలో గోరువెచ్చని పాలు సమంగా పోయండి. రెండింటిలో ఒక్కొక్క చెంచా తోడు వేసి మూత పెట్టండి. ఒక గిన్నెకు మందపాటి గుడ్డ చుట్టి వంటింట్లో వెచ్చని మూల ఉంచండి. రెండవది వసారాలో చలికి ఉంచండి. తెల్లవారి చూడండి. గుడ్డ చుట్టిన గిన్నెలో పెరుగు గట్టిగా తోడుకుంటుంది. చలిలోనిది పలచగా ఉంటుంది. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవులకు వెచ్చదనం ఇష్టం. అవి బతికి ఉన్నవని మీరు కంటితో చూసినట్లే!

చివరకు ఒక నిజం చెప్పాలి. జలుబు రాకుండా ఆపే తిండి ఏదీ లేదు. మంచి తిండి దండును సిద్ధంగా ఉంచుతుంది, అంతే. సబ్బుతో చేతులు కడుక్కోండి. తుమ్మేటప్పుడు మోచేతి మడత అడ్డం పెట్టుకోండి. జలుబు చేస్తే పడుకుని, వెచ్చని చారు, నీళ్లు బాగా తాగండి. నల్లమల చెంచులు తెచ్చే తేనె ఒక చెంచా తీసుకుంటే దగ్గు కొంత తగ్గవచ్చు. కాని ఏడాది నిండని చంటిపిల్లలకు తేనె ఎన్నడూ నాకించకూడదు. ఆవిరి పట్టాలంటే పెద్దలు పక్కన ఉండాలి. మరిగే నీళ్లు ఒంటి మీద పడితే జలుబు కంటే పెద్ద బాధ. ఊపిరి కష్టమైనా, జ్వరం మూడు రోజులు దాటినా, నీళ్లు కూడా తాగలేకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

రేపు పొద్దున అంబలి గ్లాసు చేతికి వచ్చినప్పుడు, మీరొక్కరే తాగుతున్నారనుకోకండి. మీ వెనక 38 లక్షల కోట్ల నోళ్లు తెరుచుకుని ఉన్నవి!